తడవకూడని చేతులు

మబ్రూక్ శవం దొరికిన చోట నాలుగు మేకులు కొట్టి తాడు చుట్టారు. తాడుకి అవతల మర్జా చెరువు. దాన్ని నీరు అనడానికి నోరు రాదు. ఒడ్డు పొడుగునా జానెడు మందాన ఆకుపచ్చ తెట్టు పేరుకుపోయి, ఎండ తగిలిన అంచుల్లో నీలం తిరిగి పగిలింది. అందులో ఇరుక్కుని చచ్చిన చేపలు తెల్ల పొట్టలు పైకి పెట్టి ఉన్నాయి. వాటి మీద ఒక్క కాకి కూడా వాలలేదు.

"ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకో చెల్లెమ్మా. పట్నం ముక్కు, తట్టుకోలేదు" అన్నాడు కెప్టెన్ సహ్లీ.

ఇన్‌స్పెక్టర్ హద్దా గుడ్డ పెట్టుకోలేదు. వాచీ చూసుకుంది. ఒంటిగంటా ఇరవై.

నాలుగింటికి సహ్లీ ఠాణా నుంచి బండి బయల్దేరుతుంది. అందులో అయ్యాష్ అనే జాలరి బేడీలతో కూర్చుని ఉంటాడు. పట్నం జైలు గేటు దాటాక విచారణకి పిలుపు రావడానికి ఏడాది పట్టినా అడిగే నాథుడు ఉండడు. పొద్దున ఠాణాలో హద్దా అతన్ని చూసింది. రెండు మాటలకోసారి దగ్గి, అరచేతిలో పడ్డ ఎర్రటి జీరని చొక్కాకి తుడుచుకున్నాడు. "ఏడాదెక్కడ తల్లీ, నేను చలికాలమే దాటను" అన్నాడు, పక్కింటివాడి సంగతి చెప్పినట్టు.

మబ్రూక్ ఈ చెరువుకి ఇరవై రెండేళ్లుగా ప్రభుత్వ కావలిదారు. చావడానికి మూడు రోజుల ముందు పట్నంలో ప్రాసిక్యూటర్‌కి ఉత్తరం రాశాడు. 'చెరువు దానంతట అది పాడవలేదు. రుజువు సీసాల్లో పెట్టి పంపుతాను' అని. సీసాలు రాలేదు. చావు కబురు వచ్చింది. అందుకే ప్రాసిక్యూటర్ హద్దాని ఒక్క పూట గడువిచ్చి పంపాడు. పట్నం పోలీసులది, ఊళ్లూ పొలాలూ తన గ్రామీణ దళానివి అనుకునే సహ్లీకి ఆ ఒక్క పూటే గొంతులో ముల్లయింది. "మా హద్దులో పట్నం తుపాకులు తిరగవు" అని, ఆమె తుపాకిని కూడా తన బల్ల సొరుగులో పెట్టి తాళం వేసుకున్నాడు.

"మళ్లీ ఒకసారి చెప్పండి కెప్టెన్."

"ఎన్నిసార్లు చెప్పినా అదే కథ. మొన్న తెల్లవారుజామున ఐదుంపావుకి మబ్రూక్ ఫజర్ నమాజుకి ముందు వుజూ చేసుకుందామని, చేతులూ నోరూ ముఖమూ కాళ్లూ కడుక్కుందామని ఇక్కడికి దిగాడు. చెప్పులు విప్పి పక్కన పెట్టుకున్నాడు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడుచుకున్నాడు. అయ్యాష్ పడవేసుకుని వచ్చాడు. చేపలు పట్టొద్దని బోర్డు పెట్టి వాడి పొట్ట కొట్టింది మబ్రూకే కదా. ముందురోజు కాఫీ కొట్లో పదిమంది ముందు 'నిన్ను ఆ నీళ్లలోనే ముంచుతా' అన్నాడు. అన్నంత పనీ చేశాడు. కోళ్ల ఫారం మేనేజరు కమాల్ కళ్లారా చూశాడు. ఏడింటికి శవం దొరికింది. తల నుంచి కాళ్ల దాకా పచ్చ, చేతుల మీద ఆ తెట్టుకే లేచిన బొబ్బలు. ఇంకేం కావాలి నీకు?"

"ఊపిరితిత్తుల్లో ఏముందో కావాలి."

"డాక్టరమ్మ కోసి చూస్తోందిగా. తేనె ఉంటుందా?"

హద్దా తాడు కింద నుంచి దూరి, ఒడ్డున గొంతుక్కూర్చుంది. మట్టి నిండా సహ్లీ మనుషుల బూట్ల గుర్తులు. ఇక అక్కడ వెతకడానికి మిగిలింది లేదు. జేబులోంచి శవం ఫొటో తీసి చూసింది. రెండు చేతులా మడతలు సమంగా, గీత గీసినట్టు ఉన్నాయి. చెప్పులు జంటగా, మడమలు ఆనించి ఉన్నాయి. ఈ ప్రాంతంలో పుట్టినవాళ్లెవరైనా ఆ ఫొటో చూస్తే వుజూ అనే అంటారు. అంత తేలిగ్గా అనిపించడమే ఆమెకి నచ్చలేదు.

తలెత్తితే పది అడుగుల దూరంలో ఎర్ర బోర్డు. 'ఈ నీరు తాగవద్దు, తాకవద్దు, పశువులను దింపవద్దు.'

"ఇది రాసింది ఎవరు?"

"మబ్రూకే."

"తాకొద్దని తన చేత్తో రాసినవాడు ఈ నీళ్లే నోట్లో పోసుకుని పుక్కిలించాడా? నెల కింద ఇక్కడ తాగిన కుక్కలు సాయంత్రానికి చచ్చాయని మీరే చెప్పారు."

సహ్లీ నవ్వాడు. ఈ ప్రశ్న కోసమే కాచుకున్నట్టున్నాడు. "నువ్వు పోలీసు పుస్తకాలే చదివావు చెల్లెమ్మా. నాచు పట్టిన నీళ్లతో వుజూ చెల్లుతుందని మన పెద్దలు ఎప్పుడో తేల్చారు. మొన్న శుక్రవారం ఇమామ్ కూడా అదే చెప్పాడు. ఊళ్లో సగం ముసలాళ్లు ఇప్పటికీ ఇక్కడే కడుక్కుంటున్నారు. బోర్డు సర్కారుది, వుజూ దేవుడిది. మబ్రూక్ రెండూ పాటించాడు."

హద్దా లేచి చేతులు దులుపుకుంది. రెండు వందల అడుగుల పైన, మట్టం కొలిచే స్తంభం పక్కన కావలి గది ఉంది. దాని గడప మీద నల్ల శాలువా కప్పుకుని ఒక ముసలామె కూర్చుంది.

"ఆ గది తెరిచారా?"

"తాళం వేసుంది. శవం ఇక్కడ దొరికితే గదితో పనేంటి?"

*

ముసలామె మసూదా, మబ్రూక్ భార్య. గది తాళంచెవి మెళ్లో దారానికి కట్టుకుని ఉంది.

"కెప్టెన్ నిన్ను ఏమడిగాడు పిన్నమ్మా?"

"ఏడవొద్దన్నాడు బిడ్డా. అంతకుమించి ఏమీ అడగలేదు."

లోపల ఒక మంచం, కిరసనాయిలు పొయ్యి, గోడకి చుట్టి పెట్టిన నమాజు చాప. గూట్లో మూడు సీసాలకి చోటు చేసి ఉంది. రెండే ఉన్నాయి. ఒకదాని మీద 'చెరువు', రెండోదాని మీద 'ఊట' అని కాగితాలు అంటించి ఉన్నాయి. మొదటిది పచ్చగా, రెండోది తేటగా ఉంది. మూడో చోట దుమ్ములో గుండ్రటి గుర్తు మాత్రమే మిగిలింది.

కిటికీ గట్టు మీద మడతపెట్టిన తెల్లగుడ్డ. గుడ్డ మీద అరచెయ్యంత నల్లరాయి, అరిగి నున్నగా ఉంది. పక్కన సగం పిండిన లేపనం గొట్టం.

హద్దా రాయిని చేత్తో ముట్టుకోలేదు. వంగి చూసింది. ఇలాంటి రాయి ఆమె తాతమ్మ మంచం పక్కన కూడా ఉండేది. "పిన్నమ్మా, ఈ రాయి?"

ఉప్పంటే ఏంటని అడిగినట్టు చూసింది మసూదా. "నమాజు రాయి."

"ఆయనకి రాయి ఎందుకు? ముందే చెరువుంది, వెనకే చిన్న ఊటైనా ఉంది."

"చేతులు చూడలేదా మీరు? సీసాలు నింపీ నింపీ, ఆ తెట్టు కెలికీ కెలికీ మోచేతుల దాకా బొబ్బలు లేచాయి. నర్సమ్మ లేపనమిచ్చి, నీళ్లు తగిలితే చర్మం ఊడి చేతికొస్తుందంది. మంచి నీళ్లైనా సరే అంది. పన్నెండు రోజులు బిడ్డా. ముఖం కూడా నేనే తడిగుడ్డతో తుడిచేదాన్ని. జబ్బుతో నీళ్లు ముట్టలేనివాడికి రాయి చెల్లుతుంది కదా. ఆ రాయి మీద అరచేతులు ఆనించి, ముఖమూ చేతులూ తడుముకుని, ఈ గదిలోనే నమాజు చేసుకునేవాడు."

"మసీదుకి వెళ్లేవాడు కాదా?"

"సిగ్గుపడ్డాడు. ఆ బొబ్బలు చూస్తే పక్కన నిలబడ్డవాళ్లు జరుగుతారని. పొడుగు చేతుల చొక్కా వేసి బొత్తాలు పెట్టుకుని తిరిగేవాడు, ఇంత ఎండలో."

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"నాకు తెలుసు. నర్సమ్మకి తెలుసు. పైనున్నవాడికి తెలుసు."

హద్దా ఫొటో మళ్లీ తీసి చూసింది. చొక్కా చేతులు మడిచినవాడు మబ్రూక్ కాదు. వేరెవరో, చనిపోయిన మనిషి బొత్తాలు విప్పి, ఓపిగ్గా రెండు వైపులా సమంగా మడిచారు. బొబ్బలు చూసే ఉంటారు. చెరువులో పడ్డాక లేచినవి అనుకుని ఉంటారు, సహ్లీ అనుకున్నట్టే.

మంచం కింద మట్టం పుస్తకం దొరికింది. రోజుకో వరుస. వేళ, నీటి మట్టం, తెట్టు ఏ ఒడ్డున ఉంది.

"ఇది ఎప్పుడు రాసేవాడు?"

"నమాజు అయ్యాక. ముందు దేవుడి లెక్క, తర్వాత సర్కారు లెక్క అనేవాడు. ఇరవై రెండేళ్లలో ఒక్కనాడూ వరస తప్పలేదు."

చివరి వరుస మొన్నటిది. వేళ్లు సరిగ్గా మడవలేనివాడి అక్షరాలు, వంకరగా ఉన్నాయి. 'ఐదూ నలభై. మట్టం నాలుగు వేళ్లు తగ్గింది. తెట్టు ఊరి ఒడ్డున. మూడో సీసా నింపాలి, పై కాలువ నుంచి.'

ఐదుంపావుకి నీళ్లలో మునిగినవాడు ఐదూ నలభైకి పుస్తకం రాశాడు.

పుస్తకమూ రాయీ సహ్లీకి చూపించింది. అతను పుస్తకాన్ని చేతిలో పట్టుకుని రెండుసార్లు చదివాడు. ముఖంలో నవ్వు లేదు. కానీ మెడ వంచే రకం కాదు.

"ముసలాడి గడియారం తప్పయి ఉండొచ్చు."

"ఇరవై రెండేళ్లు తప్పని గడియారం మొన్నే తప్పిందా?"

"రాయి సాక్ష్యం చెప్పదు చెల్లెమ్మా."

"చెప్పింది. మీరు తాళం తీసి వినలేదు."

సహ్లీ పుస్తకం తిరిగిచ్చేశాడు. "చూడు. ఆ దగ్గేవాడి మీద నాకు పగేం లేదు. నా దగ్గర కళ్లతో చూసినవాడి సంతకం ఉంది. నీ దగ్గర ఒక రాయీ, ఒక ముసలామె కన్నీళ్లూ ఉన్నాయి. డాక్టరు మాటో, ప్రాసిక్యూటర్ మాటో తెచ్చుకో, ఆపుతా. లేదంటే నాలుగింటికి బండి కదులుతుంది. నాలుగూ ఒక నిమిషం అయిందా, వాడు నా ఖైదీ కాడు." జీపు ఎక్కి, తల బయటపెట్టాడు. "ఇక్కడ ఫోను పలకదు. పైన ఫారం దగ్గరైతే పలుకుతుంది. తుపాకి పోయేప్పుడు తీసుకో."

*

మబ్రూక్ నడిచిన దారినే నడిచి చూడాలనుకుంది. కారు ఒడ్డునే వదిలేసి కాలువ పట్టుకుని ఎక్కింది. ఎండాకాలం ఎండిపోయి ఉండాల్సిన కాలువ. అడుగున మిగిలిన నల్లటి జిగురు మెల్లగా జారుతోంది. కోడిపెంట కంపు. ఆ జిగురు ఎక్కడ చెరువులో కలుస్తుందో అక్కడే తెట్టు అన్నిటికన్నా మందంగా ఉంది. తెట్టుకి మేత ఇక్కడినుంచే దిగుతోంది.

ఇరవై రెండు నిమిషాల నడక. కాలువ ఫారం గోడ కిందికి వచ్చి ఆగింది. గోడ అడుగున గొట్టం మూతి. దానికి సిమెంటు కొట్టి మూసేశారు. హద్దా గోటితో గీకింది. పొడి రాలింది, లోపల ఇంకా చెమ్మగా ఉంది. రెండు రోజులు కూడా కాని సిమెంటు.

గేటు దగ్గర ఇద్దరు పనివాళ్లు గోనెలు మోస్తున్నారు. కమాల్ ఎదురొచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. సముద్రపు ఒడ్డు పట్నం నుంచి వచ్చినవాడు. ఇస్త్రీ చొక్కా, నున్నటి గడ్డం.

"రండి మేడమ్. ఎండన పడి నడిచొచ్చారా? కబురు చేస్తే బండి పంపేవాణ్ణి కదా."

రేకుల నీడలో కుర్చీ వేశాడు. పక్కనే కోళ్లకి నీళ్లు పోయే పెద్ద సిమెంటు తొట్టి, నడుము లోతు. కాఫీ తెప్పించాడు. హద్దా గ్లాసు చేత్తో పట్టుకుంది, తాగలేదు. మూడూ ఇరవై అయిదు.

"మొన్న మీరు చూసింది చెప్పండి."

"కెప్టెన్‌గారికి రాసిచ్చాను కదా."

"రాసింది ఆయనకి. నాకు చెప్పండి."

"పట్నం లారీ ఎక్కడిదాకా వచ్చిందో చూద్దామని కిందికి దిగాను. ఐదుంపావు. మబ్రూక్ ఒడ్డున కూర్చుని వుజూ చేసుకుంటున్నాడు. ఆ జాలరి పడవ దగ్గరికొచ్చింది. ఏదో అరుచుకున్నారు. వాళ్ల గొడవ నాకెందుకని వచ్చేశాను. ఆగి ఉంటే బాగుండేది, ఆ పాపం నాదే."

"చేతులు కడుక్కోవడం చూశారా?"

"చూశాను."

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు. అందరూ చేసేదేగా."

"తర్వాత?"

"నోరు పుక్కిలించాడు. ముఖం కడుక్కున్నాడు. తర్వాత మోచేతుల దాకా." చిన్నగా నవ్వాడు. "మేడమ్‌కి వుజూ నేను నేర్పాలా?"

"అంత మసక వెలుతుర్లో బాగానే కనిపించిందే."

"తెల్లారుతోంది అప్పటికి. ఇరవై అడుగుల్లో ఉన్నాను."

"అయితే చేతులు చూసే ఉంటారు. ఎలా ఉన్నాయి?"

కమాల్‌కి ప్రశ్న అర్థం కాలేదు. "చేతులు చేతుల్లాగే ఉన్నాయి. ఎలా ఉంటాయి?"

హద్దా తల ఊపింది. జేబులో గుడ్డలో చుట్టిన రాయి బరువుగా తొడకి తగులుతోంది. మాట మార్చి తొట్టి వైపు చూసింది. అడుగున సిమెంటు గరుకు కూడా కనిపించేంత తేట నీళ్లు. కింద ఊరు బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడుతోంది, ఇక్కడ కోళ్లు అద్దం లాంటి నీళ్లు తాగుతున్నాయి. అద్దం లాంటివే గానీ, నిమ్మకాయ పిండినట్టు ఎక్కడో లేత పసుపు ఛాయ.

"ఈ రంగేంటి?"

"బలం మందు మేడమ్. కోడిపిల్లలకి. రోజూ తెల్లవారుజామున ఐదింటికే కలిపేస్తాం."

"మబ్రూక్ ఎప్పుడైనా ఇక్కడికి వచ్చాడా? సీసా పట్టుకుని?"

"ఇక్కడికెందుకొస్తాడు?" ఈసారి జవాబు తొందరగా వచ్చింది. గేటు దగ్గర గోనెలు మోసే ఇద్దరూ మోయడం ఆపారు.

హద్దా ఫోను మోగింది. మూడూ నలభై ఒకటి.

"ఎక్కడ చచ్చావే? గంట నుంచి కొడుతున్నా" అంది డాక్టర్ జౌహర్, ఆసుపత్రి శవాల గది నుంచి.

"చెప్పు."

"మునిగే చచ్చాడు, అందులో అనుమానం లేదు. ఊపిరితిత్తుల నిండా నీళ్లే. కానీ ఒక్క చుక్క పచ్చ లేదు. మూడుసార్లు మైక్రోస్కోపు కింద పెట్టి చూశా. పచ్చంతా చర్మం మీదా బట్టల మీదా ఉంది, చచ్చాక పూసినట్టు. ఈ మనిషి ఆ చెరువు నీళ్లు ఒక్క గుక్క కూడా మింగలేదు. ఇంకో సంగతి. లోపలున్న నీళ్లు తేటగానే ఉన్నాయి గానీ, రంగుంది. లేత పసుపు. బలం మాత్ర కరిగితే వస్తుందే, అలాంటిది. ఆయనకి అలాంటి మందేదైనా ఇస్తున్నారేమో కనుక్కుంటావా?"

హద్దా తొట్టిలోకి చూస్తూనే ఉంది. కమాల్ ఆమె ముఖంలోకి చూస్తున్నాడు.

'సరే, తర్వాత మాట్లాడదాం' అనొచ్చు. కాఫీ తాగి, కృతజ్ఞతలు చెప్పి, గేటు దాటొచ్చు. కాలువ దిగడానికి ఇరవై రెండు నిమిషాలు. కారులో ఠాణాకి ఇంకో పావుగంట. నాలుగూ ఇరవై. కింద ఫోను పలకదు. అప్పటికి అయ్యాష్ కొండ మలుపు దాటి ఉంటాడు, అరచెయ్యి చొక్కాకి తుడుచుకుంటూ. తెల్లారేసరికి ఈ తొట్టి ఖాళీ చేసి, కడిగి, సున్నం కొట్టేసి ఉంటారు.

వాచీ చూసింది. మూడూ నలభై మూడు.

"జౌహర్, నేను చెప్పేది విను, మళ్లీ అడక్కు. ఫోను పెట్టెయ్యగానే ప్రాసిక్యూటర్‌కి చెయ్యి. నాలుగింటి బండి కదలకూడదు. మబ్రూక్ చెరువులో చావలేదని చెప్పు. కోళ్లకి మందు కలిపిన నీళ్లలో ముంచారని చెప్పు. చెరువు కమాల్ ఫారం వల్లే పాడయిందని, దానికి రుజువుగా సీసా నింపుకోవడానికి వచ్చినప్పుడే చంపేశారని చెప్పు. ముందు బండి ఆపమను. మిగతాది తర్వాత."

"నువ్వెక్కడున్నావ్?"

"ఆ నీళ్ల పక్కనే."

జౌహర్ ఫోను పెట్టేసిన చప్పుడైంది. మంచి మనిషి. ఇప్పుడు ఆ నంబరే కొడుతూ ఉంటుంది. అయ్యాష్ ఈ రాత్రి ఠాణాలోనే దగ్గుతాడు.

గేటు దగ్గర గొలుసు గలగలమంది. పనివాళ్లలో ఒకడు తాళం బిగించి, చెవి జేబులో వేసుకున్నాడు. రెండోవాడు గోనె పక్కకి నెట్టి ఇటు నడిచాడు. హద్దా చెయ్యి అలవాటుగా నడుము దగ్గరికి వెళ్లి, ఖాళీ తోలు ఒరని తడిమి, అక్కణ్ణుంచి జేబులోని రాయి మీదికి జారింది.

"చేతులు ఎలా ఉన్నాయని అడిగారు కదా మేడమ్" అన్నాడు కమాల్ మెల్లగా. "ఏమైంది ఆయన చేతులకి?"

"పన్నెండు రోజులుగా నీళ్లు ముట్టలేదు."

కమాల్ ఆ మాట గురించి కాసేపు ఆలోచించాడు, లెక్కలో ఎక్కడ తప్పాడో చూసుకునే విద్యార్థిలాగా. తర్వాత కుర్చీలోంచి లేచాడు. తొందరేమీ లేదు. కుడి మణికట్టు దగ్గర బొత్తాం విప్పి, చొక్కా చేతిని ఒక మడత, ఇంకో మడత, మోచేతి పైదాకా సమంగా మడిచాడు. తర్వాత ఎడమది, తొట్టి వైపు చూస్తూ.

సాయంత్రపు అసర్ నమాజుకి ఇంకా ఇరవై నిమిషాలుంది.